బరంపురంలో డెలివరీ బండి నడిపేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నాలుగేళ్లు ఒడిశాలోని మన బరంపురంలో డెలివరీ బ్యాగు మోశాను. ఇప్పుడు పగలు మా బావ మెకానిక్ షెడ్డులో ఉంటాను, రాత్రి భోజనాల టైముకి ఇంకా లాగిన్ అవుతూనే ఉంటాను. షెడ్డుకి వచ్చే కుర్రాళ్లలో ఇచ్ఛాపురం నుంచి రోజూ వచ్చిపోయేవాళ్లున్నారు, కోర్టుపేట, గేట్ బజార్ వాళ్లున్నారు, తిప్పితిప్పి అందరూ అడిగేవి ఇవే ప్రశ్నలు. ఒకసారి రాసి పెడితే అడిగినవాళ్లకి పంపేయొచ్చని మొదలుపెట్టాను. మనం ఒడియా గడగడా మాట్లాడతాం గానీ చదవడం దగ్గరికి వచ్చేసరికి చాలామందికి రాదు, అందుకే తెలుగులో.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను ఒకసారి పడ్డాను. పడ్డాక మూడు తప్పులు బయటపడ్డాయి, వాటివల్ల నాకయిన ఖర్చు ఆ ఏడాది వచ్చిన ఇన్సెంటివ్‌లన్నీ పోగేసినా తీరలేదు. కింది జవాబుల్లో సగం ఆ తప్పుల్లోంచి వచ్చినవే.

యాప్‌లో టైమ్ ఎర్రగా మెరుస్తుంటే స్పీడు పెంచకుండా ఎలా అన్నా?

ఆలస్యం అమృతం విషం అని యాప్‌కి ఎవరో గట్టిగానే నేర్పారు. సరే, లెక్క వేద్దాం. 5 కిలోమీటర్ల డ్రాప్. గంటకి 40లో వెళ్తే ఏడున్నర నిమిషాలు, 60లో వెళ్తే 5 నిమిషాలు. అంటే కాగితం మీద మిగిలేది రెండున్నర నిమిషాలు. బరంపురంలో 5 కిలోమీటర్లు ఆగకుండా 60లో వెళ్లినవాణ్ణి నేనింతవరకు చూడలేదు, ఆవు అడ్డొస్తుంది, ఆటో ఆగుతుంది, గిరి రోడ్డులో సాయంత్రం అయితే మనిషే అడ్డొస్తాడు. నిజంగా మిగిలేది నిమిషం కూడా ఉండదు.

ఆ నిమిషం కోసం మనం ఇచ్చేది ఏంటో చూడండి. అడ్డం ఏదో వచ్చిందని కన్ను చూసి చెయ్యి బ్రేకు నొక్కడానికి ఒక్క సెకను పడుతుందనుకుంటే, 40లో ఆ సెకనులో బండి 11 మీటర్లు పోతుంది, 60లో దాదాపు 17. ఆ తర్వాత బ్రేకు పట్టుకుని ఆగే దూరం స్పీడుతో పాటు పెరగదు, స్పీడు వర్గంతో పెరుగుతుంది, అంటే 40 నుంచి 60కి వెళ్తే ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబావు రెట్లు.

నేను ఒక వారం చీటీ మీద రాసుకున్నాను, టైము ఎక్కడ పోతోందా అని. రోడ్డు మీద కాదు. హోటల్లో ప్యాకింగ్ దగ్గర, అడ్రసు వెతుక్కునే దగ్గర, మూడో అంతస్తు మెట్ల దగ్గర, కస్టమరు ఓటీపీ వెతుక్కునే దగ్గర. హోటల్లో లేటయితే అక్కడే యాప్‌లో లేటు నమోదు చేసి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. కస్టమరుకి బండి ఎక్కకముందే ఫోన్ చేసి గుర్తు అడగండి. ఇక్కడ మిగిలే టైము ఏ యాక్సిలరేటరూ ఇవ్వదు.

అలా నిదానంగా వెళ్తే రేటింగ్ పడిపోతుంది, ఐడీ బ్లాక్ అవుతుంది కదా?

అవుతుందేమోనన్న భయం నాకూ ఉండేది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కానీ ఐడీ బ్లాక్ అయితే ఇంకో యాప్ ఉంది. మోకాలికి ఇంకో యాప్ లేదు.

మ్యాప్ చూడకుండా ఎలా నడపాలి? ఫోను చేతిలో ఉంటే ఫైన్ వేస్తారా?

వేస్తారు. నడుపుతూ ఫోను చేత్తో వాడితే మోటారు వాహనాల చట్టంలో మొదటిసారికి 1000 నుంచి 5000 దాకా జరిమానా ఉంది, జైలు కూడా రాసి ఉంది. 2020 అక్టోబరు నుంచి రూలు ఏంటంటే, ధ్యాస చెదరకుండా దారి చూసుకోవడానికి మాత్రం ఫోను వాడొచ్చు. కాబట్టి హ్యాండిల్‌కి గట్టి హోల్డరు బిగించండి, మ్యాప్ గొంతు ఒక్క చెవికి చిన్నగా పెట్టుకోండి, రెండు చెవులూ మూసేస్తే వెనక లారీ హారన్ వినబడదు.

ప్రమాదం మ్యాప్‌తో కాదు, కొత్త ఆర్డరు టింగుమని మోగినప్పుడు. ఎక్కడి నుంచి, ఎంత దూరం, ఎన్ని రూపాయలు అని చదివి నొక్కాలంటే తక్కువలో తక్కువ రెండు సెకన్లు. 40లో ఆ రెండు సెకన్లకి 22 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. నేను చేసేది ఒకటే, మోగితే ఎడమ పక్కకి తీసి కాలు కింద పెట్టాకే చూస్తాను. కొన్ని ఆర్డర్లు పోయాయి, పోనీ.

హెల్మెట్ ఎలాంటిది కొనాలి? కంపెనీ వాళ్లు ఇచ్చింది సరిపోతుందా?

ఎవరు ఇచ్చారన్నది కాదు, దాని మీద ఐఎస్ఐ మార్కు, కింద ఐఎస్ 4151 అన్న నంబరు ఉన్నాయా లేదా చూడండి. 2021 జూన్ 1 నుంచి ఆ మార్కు లేని టూవీలర్ హెల్మెట్ తయారు చేయడం, అమ్మడం చట్టప్రకారం కుదరదు. అయినా రోడ్డు పక్కన తాడుకి వేలాడదీసి అమ్మే ప్లాస్టిక్ టోపీలు మన ఊళ్లో ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. అవి పోలీసుని దాటడానికి పనికొస్తాయి, రోడ్డుకి తల తగిలితే పనికిరావు.

హెల్మెట్‌లో పనిచేసేది బయటి గట్టి చిప్ప ఒక్కటే కాదు, లోపల థర్మాకోల్ లాంటి పొర. దెబ్బ తగిలినప్పుడు అది నలిగిపోయి మన బుర్రకి రావలసిన దెబ్బని తను తీసుకుంటుంది. ఒకసారి నలిగితే మళ్లీ లేవదు. అందుకే ఒకసారి గట్టిగా పడ్డ హెల్మెట్ పైకి బాగున్నా మార్చాల్సిందే. సెకండ్ హ్యాండ్ హెల్మెట్ అసలు కొనొద్దు, అది ఎవరితో ఎక్కడ పడిందో మనకి తెలియదు.

పట్టీ పెట్టుకోని హెల్మెట్ మొదటి దెబ్బకే ఎగిరిపోతుంది. పట్టీకీ గడ్డానికీ మధ్య రెండు వేళ్లు పట్టాలి, అంతే. చాలా దేశాల అధ్యయనాలు కలిపి చూసిన పరిశోధకులు తేల్చింది ఏంటంటే, హెల్మెట్ వల్ల చనిపోయే ప్రమాదం సుమారు 42 శాతం, తలకి గాయమయ్యే ప్రమాదం 69 శాతం తగ్గుతుందని. మనదేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోతే అందులో నూటికి 44 మందికి పైగా టూవీలర్ మీద ఉన్నవాళ్లే. పెట్టుకోకపోతే 1000 రూపాయల జరిమానా, 3 నెలలు లైసెన్సు పనికిరాకుండా చేయొచ్చు. లైసెన్సు ఆగితే లాగిన్ కూడా ఆగుతుంది.

మే నెలలో ఉక్కకి తల ఉడికిపోతుంది, నిజమే. లోపల పల్చటి కాటన్ గుడ్డ కట్టుకోండి, లోపలి మెత్త ఊడి వచ్చేదయితే వారానికోసారి ఉతకండి. కంపు కొట్టే హెల్మెట్‌ని ఎవరూ పెట్టుకోరు, చాలామంది తీసేయడానికి అసలు కారణం అదే అని నా అనుమానం.

చెప్పులతో నడపొచ్చా?

వద్దు. బండి ఒరిగినప్పుడు మొదట రోడ్డుకి ఆనేది పాదమే. పాత స్కూలు బూట్లయినా సరే.

బ్యాగు వీపుకి తగిలించుకోవాలా, వెనక కట్టాలా?

వెనక సీటు మీద పెట్టి రెండు వైపులా కట్టడమే మేలు. వీపుకి తగిలిస్తే బరువంతా పైకి వెళ్తుంది, మలుపులో బండి మన మాట వినదు, సడన్ బ్రేకు వేస్తే బ్యాగు మనల్ని ముందుకి తోస్తుంది. గోపాలపూర్ వైపు వెళ్తే సముద్రం గాలి పక్క నుంచి కొడుతుంది, నలుచదరం బ్యాగు అక్కడ తెరచాప అయిపోతుంది. వేలాడే పట్టీలని ముడివేసి లోపలికి తోసేయండి. వెనక చక్రంలోకి పట్టీ చుట్టుకుని పడినవాళ్ల బండ్లు రెండు మా షెడ్డుకి వచ్చాయి. హ్యాండిల్‌కి రెండు పక్కలా సంచులు తగిలించడం మాత్రం పచ్చి తప్పు, హ్యాండిల్ పూర్తిగా తిరగదు.

బండిలో ఏమేం చూసుకోవాలి? సర్వీసింగ్‌కి డబ్బుల్లేవు.

డబ్బుల్లేకుండా చూసుకోగలిగేవి చెప్తాను. రోజూ పొద్దున్న బండి తీసేముందు రెండు నిమిషాలు.

టైరు గాడుల్లో అక్కడక్కడ చిన్న గడ్డలు ఉంటాయి, గాడి అరిగి ఆ గడ్డతో సమానమయిందంటే టైరు అయిపోయినట్టే. మన కుర్రాళ్లు వెనక టైరుని దారం కనబడేదాకా వాడతారు, వానలో అలాంటి టైరు సబ్బు మీద నడిచినట్టు ఉంటుంది. గాలి వారానికోసారి పట్టించుకోండి, బరువుతో తిరిగే బండి కాబట్టి ఎంత గాలో చెయిన్ కవరు మీదో, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే కడ్డీ) మీదో అతికించి ఉంటుంది చూడండి.

బ్రేకు గురించి ఒక పాత మూఢనమ్మకం ఉంది, ముందు బ్రేకు వేస్తే బండి పల్టీ కొడుతుందని. మా బావకి దీనిమీద ఉన్న కోపం అంతా ఇంతా కాదు. ఆగేటప్పుడు బరువు ముందు చక్రం మీదకి వస్తుంది, కాబట్టి ఎక్కువ పట్టు ముందు బ్రేకుకే. రెండూ కలిపి, నొక్కుతూ నొక్కుతూ వేయాలి. ఇసుక మీద, తడి మీద, మలుపులో మాత్రం ముందు బ్రేకు గట్టిగా పట్టొద్దు.

ఇంకోటి లైటు. 2017 ఏప్రిల్ నుంచి వచ్చే కొత్త బండ్లకి హెడ్‌లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, ఆపే స్విచ్ ఉండదు. బ్యాటరీ మిగులుతుందని దానికి స్విచ్ పెట్టించుకోవడానికి వస్తారు, మేం పెట్టం. ఎదురొచ్చే లారీవాడికి పగలు కూడా మనం కనబడాలనే కదా ఆ లైటు ఉంది. వెనక బ్రేకు లైటు వెలుగుతోందో లేదో గోడ దగ్గర బండి ఆపి చూసుకోండి.

వానలో ఆర్డర్లు తీసుకోవాలా? ఎక్స్‌ట్రా డబ్బులిస్తారు కదా.

డబ్బు ఎక్కువ ఇస్తున్నారంటేనే ప్రమాదం ఎక్కువని వాళ్లకీ తెలుసన్నమాట.

తీసుకుంటే ఇలా తీసుకోండి. సీజన్లో మొదటి వాన పడిన మొదటి అరగంట అన్నిటికంటే చెడ్డది, నెలలుగా రోడ్డు మీద పేరుకున్న ఆయిలూ దుమ్మూ కలిసి జారుడు పేస్టు అవుతుంది. జోరున కురిసి కడిగేసిన రోడ్డు దానికంటే నయం. రోడ్డు మీది తెల్ల పట్టీలు, మ్యాన్‌హోల్ మూతలు, రైలు గేటు దగ్గర పట్టాలు తడిస్తే ఐసు ముక్కలే. పట్టాలని ఏటవాలుగా కాదు, నిట్టనిలువుగా దాటండి, మధ్యలో బ్రేకు వేయొద్దు. నీళ్లు నిలిచిన చోట కింద ఏముందో కనబడదు, ముందు వెళ్లిన బండి ఏ గీతలో వెళ్లిందో అదే గీతలో వెళ్లండి, లేదా దిగి తోయండి, సిగ్గేం లేదు.

తుఫాను హెచ్చరిక ఉన్నరోజు లాగిన్ అవ్వొద్దు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ మన గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. ఆ రాత్రి గుర్తున్నవాళ్లకి నేను ఎక్కువ చెప్పక్కర్లేదు.

ఎండకి కళ్లు తిరుగుతున్నాయి, ఏం చేయాలి?

పొద్దున్న పఖాళ (నీళ్లలో నానిన చద్దన్నం) తినో, తరవాణి తాగో బయల్దేరండి, మన పెద్దవాళ్లు ఊరికే పెట్టలేదు. బ్యాగులో ఓఆర్ఎస్ పొట్లాలు రెండు ఉంచుకోండి. సముద్రం దగ్గర ఊళ్లలో ఎండ కంటే ఉక్క ప్రమాదం, చెమట ఆరదు కాబట్టి ఒళ్లు చల్లబడదు. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం కనబడితే ఆ ఆర్డరు సంగతి తర్వాత, నీడలో కూర్చుని తడిగుడ్డ మెడకి చుట్టుకోండి. మాట తడబడుతున్నా, అర్థం కాకుండా మాట్లాడుతున్నా ఆస్పత్రికే.

హైవే మీద, రాత్రిపూట ఏ జాగ్రత్తలు?

16వ నంబరు జాతీయ రహదారి మన ఊరిని ఆనుకునే పోతుంది కాబట్టి హల్దియాపదర్, అంబపువా వైపు డ్రాప్ పడితే హైవే తప్పదు. అక్కడ మనవాళ్లు చేసే అతి పెద్ద తప్పు రాంగ్ రూట్. యూటర్న్ అర కిలోమీటరు ముందుంది కదా అని ఎదురుగా వెళ్లిపోతారు. మీరు 40లో, ఎదుటివాడు 80లో వస్తున్నాడంటే మధ్య దూరం 120 స్పీడుతో కరిగిపోతుంది, తప్పించుకునే టైము ఇద్దరికీ ఉండదు. పైగా దెబ్బ తగిలితే తప్పు మీదే అని రాస్తారు, పరిహారంలో కోత పడుతుంది.

రాత్రి అయితే లైటు లేకుండా ఆగి ఉన్న లారీలని చూసుకోండి. ఎదుటి లారీ హైబీమ్ కళ్లలో కొడితే లైటు వైపు చూడకుండా రోడ్డు ఎడమ అంచు చూస్తూ స్పీడు తగ్గించండి. నల్ల జాకెట్ వేసుకుని, మెరిసే పట్టీ బ్యాగు కింద దాచుకుని తిరిగేవాళ్లని చూస్తే నాకు మతి పోతుంది. మెరిసే స్టిక్కరు టేపు కొని హెల్మెట్ వెనకా, బ్యాగుకి నాలుగు పక్కలా అతికించండి, ఒక టీ ఖర్చుకి కాస్త అటూ ఇటూ.

గోపాలపూర్ రోడ్డులో శని, ఆదివారాల రాత్రి బీచ్ నుంచి తాగి తిరిగొచ్చేవాళ్లు ఉంటారు. నేను ఆ రెండు రోజులూ పది దాటితే అటు ఆర్డరు తీసుకోను.

రోజుకి ఎన్ని గంటలు నడపొచ్చు?

గంటలు మీ ఇష్టం అని చాలా గొప్పగా చెప్తారు, ఇన్సెంటివ్ చూస్తే మాత్రం 12 గంటలు లేనిదే అందదు. ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. నిద్రలేచి 17 గంటలు దాటిన మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి పనితీరుతో సమానమని పరీక్షల్లో తేలింది. మనదేశంలో తాగి నడిపినట్టు లెక్కేసే హద్దు 0.03 శాతం. అంటే పొద్దున్న ఆరింటికి లేచి రాత్రి పదకొండు దాటాక డ్రాప్‌కి వెళ్లేవాడు చుక్క తాగకుండానే ఆ హద్దు దాటేసినట్టు. మెషిన్‌లో ఊదిస్తే పట్టుబడడు, అంతే తేడా. ఆవలింతలు వరసగా వస్తున్నా, వచ్చిన దారి గుర్తులేకపోయినా ఇంటికెళ్లిపోండి.

ఠాకురాణి యాత్ర రోజుల్లో?

రెండేళ్లకోసారి వచ్చే పండగ, ఆ నెల పాత బరంపురంలో రాత్రి అడుగు పెట్టడానికి ఉండదు. కస్టమరుని సందు చివరికి రమ్మనండి. మనూరి వాళ్లే కదా, వస్తారు.

నాది ఆంధ్రా రిజిస్ట్రేషన్ బండి, లైసెన్సు కూడా శ్రీకాకుళంది. ఇక్కడ నడపొచ్చా?

లైసెన్సు దేశమంతా చెల్లుతుంది. బండి విషయం వేరు. వేరే రాష్ట్రం బండిని ఇక్కడ 12 నెలలకి మించి ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలని చట్టం. రోజూ ఇచ్ఛాపురం నుంచి వచ్చి రాత్రికి వెళ్లిపోయేవాడికి ఆ టెన్షన్ లేదు, ఇక్కడే రూము తీసుకుని ఉంటున్నవాడికి ఉంది. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, తెచ్చుకోండి. కాగితాలన్నీ డిజీలాకర్‌లో పెట్టుకోండి, తడవవు, పోవు.

నా బండికి ఇన్సూరెన్స్ ఉంది. ఇంకేం కావాలి?

ఇక్కడే నా మొదటి తప్పు. జులైలో, సన్నగా తుప్పర పడుతోంది, గోపాలపూర్ వైపు డ్రాప్ ఇచ్చి తిరిగొస్తున్నాను. మలుపులో ఇసుక, బండి జారింది, కాలర్ బోను విరిగింది. బండికి ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధైర్యంగానే ఉన్నాను. తీరా చూస్తే బండి మా అన్నయ్య పేరు మీద ఉంది.

పాలసీ కాగితంలో వ్యక్తిగత ప్రమాద బీమా అని 15 లక్షల కవరు ఒకటి ఉంటుంది. అది ఓనర్ డ్రైవర్‌కి మాత్రమే, అంటే ఆర్సీలో పేరున్న మనిషి, సరైన లైసెన్సుతో, తనే నడుపుతూ ఉండాలి. అది కూడా చావుకీ, శాశ్వత అంగవైకల్యానికీ, ఆస్పత్రి బిల్లుకి కాదు. అన్నయ్య బండి, మావయ్య బండి, స్నేహితుడి బండి నడిపేవాడికి ఆ 15 లక్షల్లో పైసా లేదు. థర్డ్ పార్టీ అంటే పేరులోనే ఉంది, మనవల్ల దెబ్బతిన్న ఎదుటివాడికి. మనకి కాదు.

ఇంకో మెలిక కూడా ఉంది, పాలసీ తీసి చదవండి. మామూలు టూవీలర్ పాలసీలో అద్దెకి తిప్పడానికీ, సరుకు మోయడానికీ బండి వాడితే వర్తించదని ఒక వాక్యం ఉంటుంది. మన బండి డ్యామేజీ క్లెయిము తిప్పి పంపాలనుకుంటే వాళ్లకి ఆ వాక్యం చాలు. రెన్యువల్ అప్పుడు ఏజెంటుకి డెలివరీకి వాడతానని చెప్పి, దానికి సరిపడే కవరు ఉందా అని అడిగి, జవాబు వాట్సాప్‌లోనైనా రాతలో తీసుకోండి. నోటిమాట పనికిరాదు.

ఏం లేనివాడికి కూడా ఒకటుంది. బ్యాంకు ఖాతా ఉంటే ఏడాదికి 20 రూపాయలకి ప్రధానమంత్రి సురక్షా బీమా. 18 నుంచి 70 ఏళ్ల లోపు ఎవరైనా చేరొచ్చు, ప్రమాదంలో పోయినా, పూర్తిగా వికలాంగులయినా 2 లక్షలు, పాక్షికమయితే లక్ష. జూన్ 1 నుంచి మే 31 దాకా లెక్క. మే చివర్లో ఖాతాలో 20 రూపాయలు లేక ఆగిపోయినవాళ్లు చాలామంది ఉంటారు, చూసుకోండి.

కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది కదా?

ఉంటుంది, షరతులతో. నేను పడ్డప్పుడు నేను పనిచేసే కంపెనీ అన్న మాట, ఆ క్షణానికి నీ దగ్గర ఆర్డరు లేదు కదా అని. డ్రాప్ ఇచ్చి తిరిగొచ్చే దారి వాళ్ల లెక్కలో పని కాదట. ఏ రోడ్డు మీద పడ్డానో ఆ రోడ్డు మీదకి పంపింది వాళ్లే.

కాబట్టి మీ యాప్‌లో బీమా పేజీ తెరిచి ఈ నాలుగూ చూడండి: లాగిన్ అయి ఉంటే చాలా లేక ఆర్డరు చేతిలో ఉండాలా, ఔట్ పేషెంటు ఖర్చు వస్తుందా, పని పోయిన రోజులకి డబ్బిస్తారా, ఎన్ని గంటల్లో తెలియజేయాలి. అర్థం కాకపోతే టీఎల్‌ని (టీమ్ లీడరుని) అడగండి, ఆయనకీ తెలియకపోతే హెల్ప్‌లైన్‌కి రాసి జవాబు దాచుకోండి.

యాక్సిడెంట్ అయింది. మొదట ఏం చేయాలి?

లేవడానికి తొందరపడొద్దు. వెనకొచ్చే బండ్లు చూసి పక్కకి జరగండి. 112కో, అంబులెన్సుకి 108కో, హైవే మీదయితే 1033కో ఫోన్ చేయించండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టుకోండి. స్పృహలేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు, అందరూ మొదట చేసే పని అదే. ఊపిరాడుతుంటే హెల్మెట్ లాగి తీయొద్దు, మెడ కదులుతుంది.

స్పృహలో ఉంటే ఫోటోలు తీయండి, ఎదుటి బండి నంబరు, రోడ్డు మీద గుర్తులు, యాప్ స్క్రీన్ మీద ఆర్డరు నంబరు, టైము. నా దగ్గర అవేవీ లేవు, రెండో తప్పు అదే. తలకి దెబ్బ తగిలి బాగానే ఉన్నాననిపించినా ఒకరోజంతా ఎవరినో ఒకరిని పక్కన ఉంచుకోండి. వాంతులు, మత్తుగా ఉండటం, తలనొప్పి పెరగడం ఉంటే అర్ధరాత్రయినా ఎంకేసీజీ పెద్దాస్పత్రికి వెళ్లిపోండి.

ఆస్పత్రిలో ఏం చెప్పాలి? పోలీసు గొడవ ఎందుకని బాత్‌రూములో జారానని చెప్పమంటున్నారు.

మూడో తప్పు ఇదే, నేనూ అలాగే చెప్పాను. స్నేహితుడి సలహా. పోలీసులు లేరు, గొడవా లేదు, తర్వాత క్లెయిముకి కాగితమూ లేదు. ఆస్పత్రి రికార్డులో ఒకసారి ఇంట్లో పడ్డాడని రాశాక దాన్ని రోడ్డు మీదకి తేవడం ఎవరి వల్లా కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి, మెడికోలీగల్ కేసుగా, అంటే పోలీసులకి తెలియజేసే కేసుగా, నమోదు చేయమనండి.

డబ్బు గురించి ఇప్పుడు ఒక దారి ఉంది. 2025 మేలో కేంద్రం నగదు రహిత చికిత్స పథకం తెచ్చింది. మోటారు వాహన ప్రమాదంలో దెబ్బతిన్న ఎవరికైనా, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు, పథకంలో చేరిన ఆస్పత్రుల్లో. పోలీసులు ప్రమాదం నిజమేనని ధ్రువీకరించాలి కాబట్టి అక్కడ కూడా బాత్‌రూము కథ పనికిరాదు.

ఎఫ్ఐఆర్ ఒడియాలో రాస్తారు, నాకు చదవడం రాదు. పైగా మా ఊరు ఇచ్ఛాపురం. కేసు ఎక్కడ వేయాలి?

సంతకం పెట్టేముందు చదివి వినిపించమని అడగండి, అది మీ హక్కు. కాపీ ఉచితంగా ఇవ్వాలి. జరిగిన చోటు మా పరిధి కాదని వెనక్కి పంపితే జీరో ఎఫ్ఐఆర్ అడగండి, 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో ఏ స్టేషనైనా రాసుకోవాలని స్పష్టంగా ఉంది.

పరిహారం కేసు సంగతి మన సరిహద్దువాళ్లకి బాగా పనికొచ్చేది, చాలామందికి తెలియదు. ప్రమాదం ఒడిశాలో జరిగినా, మీరు ఉండే చోటి ట్రిబ్యునల్‌లో కేసు వేయొచ్చు. అంటే శ్రీకాకుళం జిల్లాలోనే, తెలుగులో మాట్లాడే లాయరుతో. చట్టం ప్రకారం ప్రమాదం జరిగిన 6 నెలల లోపు వేయాలి, కాబట్టి రాజీకి వస్తామని నెలలు నెలలు తిప్పేవాళ్లని నమ్మి కూర్చోకండి.

గుద్దేసి పారిపోయాడు, నంబరు కూడా చూడలేదు. అంతేనా ఇక?

కాదు. గుద్ది పారిపోయిన కేసుల్లో ప్రభుత్వమే పరిహారం ఇస్తుంది, ప్రాణం పోతే 2 లక్షలు, తీవ్ర గాయమయితే 50 వేలు. సబ్ కలెక్టరు లేదా తహశీల్దారు ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. ఎఫ్ఐఆర్ ఉండాలి.

రోడ్డు మీద ఇంకొకడు పడి ఉంటే ఆగాలా? సాక్షి అని తిప్పుతారేమో.

ఆగండి. సాయం చేసినవాణ్ణి పేరు చెప్పమని బలవంతం చేయకూడదు, ఆస్పత్రిలో ఆపకూడదు, సాక్ష్యం చెప్పడం చెప్పకపోవడం మన ఇష్టం, మోటారు వాహనాల చట్టం 2019 సవరణలో ఇది చట్టమే అయింది. ప్రాణాపాయంలో ఉన్నవాణ్ణి మొదటి గంటలో ఆస్పత్రికి చేర్చినవాళ్లకి రాహ్‌వీర్ పథకం కింద 25 వేల రూపాయల బహుమతి కూడా ఉంది. మన ఆర్డరు లేటవుతుంది. అవనీ.

లైసెన్సు అక్కర్లేని ఎలక్ట్రిక్ బండి అద్దెకి తీసుకోవచ్చా?

గంటకి 25 కిలోమీటర్లు మించకుండా, 250 వాట్ల లోపు మోటారు ఉన్నదానికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఊళ్లో దగ్గరి డ్రాప్‌లకి మంచిదే, హైవే మీదకి మాత్రం వద్దు. కొందరు వైరు మార్పించి 40, 45 దాకా లేపుతారు. ఆ క్షణం నుంచి అది చట్టం దృష్టిలో రిజిస్ట్రేషనూ ఇన్సూరెన్సూ లేని మోటారు వాహనం, ఎవరికైనా తగిలిస్తే మీ జేబులోంచే. చప్పుడు ఉండదు కాబట్టి సందుల్లో పిల్లలు, ముసలివాళ్లు మీ రాక వినరు, హారన్ మీద చెయ్యి ఉంచండి.

ప్రభుత్వం నుంచి మనకేమైనా ఉందా? హైదరాబాదులో 5 లక్షలు ఇస్తారంటున్నారు.

అది 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన ప్రమాద బీమా, అక్కడ పనిచేసేవాళ్లకి. మనకి వర్తించేది కేంద్రం చట్టం. 2020లో చేసిన సామాజిక భద్రతా కోడ్‌లో గిగ్ వర్కరు, ప్లాట్‌ఫాం వర్కరు (మనలా యాప్ మీద పనిచేసేవాళ్లు) అన్న మాటలు మొదటిసారి చట్టంలోకి ఎక్కాయి, అది అమల్లోకి వచ్చింది మాత్రం 2025 నవంబరు 21న. కంపెనీలు ఏటా తమ టర్నోవరులో 1 నుంచి 2 శాతం సామాజిక భద్రతా నిధికి కట్టాలని అందులో ఉంది, ప్రమాద బీమా, ఆరోగ్యం అన్నీ ఆ నిధి నుంచి పథకాలుగా రావాలి. రావాలి అన్నాను, వచ్చేశాయి అనలేదు.

మనం ఇవాళే చేయగలిగింది కార్మికుల పేర్లు నమోదు చేసే కేంద్రం పోర్టల్ ఈ-శ్రమ్‌లో పేరు ఎక్కించుకోవడం. ఆధార్, దానికి లింకయిన ఫోను ఉంటే చాలు, డబ్బు అక్కర్లేదు. జన సేవా కేంద్రంలో చేయిస్తే ప్లాట్‌ఫాం వర్కరు అనే పెట్టించండి, మామూలు కూలీ అని కొట్టేస్తారు తొందరలో.

ఇంట్లోవాళ్లకి ఏం చెప్పి ఉంచాలి?

ఫోను లాక్ అయి ఉన్నా కనబడేలా ఎమర్జెన్సీ నంబరు, బ్లడ్ గ్రూపు పెట్టుకోండి. ఆ నంబరు పగలు ఫోను ఎత్తే మనిషిది అయి ఉండాలి, నేను మొదట మా నాన్నది పెట్టాను, ఆయన ఫోను ఎప్పుడూ మంచం మీదే ఉంటుంది. ఆర్సీ, పాలసీ, ఆధార్ జిరాక్సులు, బ్యాంకు పాసుబుక్కు ఒక్క కవర్లో పెట్టి ఎక్కడుందో ఇద్దరికి చెప్పండి. నామినీ పేరు పెళ్లికి ముందు అమ్మది రాసి, పెళ్లయ్యాక మార్చనివాళ్లు ఉంటారు, చూసుకోండి. మా ఇంట్లో ఆ కవరు దేవుడి గూట్లో, పంచాంగం కింద ఉంటుంది. మా ఆవిడ ఏటా ఉగాదికి పంచాంగం మార్చేటప్పుడు దాన్నీ తీసి తేదీలు చూస్తుంది, పోయినసారి బండి పాలసీ పది రోజుల్లో అయిపోతోందని పట్టుకున్నది ఆవిడే.